తాబేళ్ల మంచినీటి పథకం

ఆ ఆదివారం పొద్దున లక్ష్మీనరసయ్య పెట్టుకున్న పని చాలా చిన్నది. భోజనం వేళకు తాబేళ్లకు ఒక తొట్టి కట్టెయ్యాలి. తిని కాసేపు పడుకోవాలి. సాయంత్రం లేచి తన నీళ్ల గదిలో, తన గంగాళంలోని నీళ్లతో తను స్నానం చెయ్యాలి. ఈ చివరి పని చేసి ఆయనకు అప్పటికే వారం దాటింది.

ఆయనకు ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఉంది. అంగడికి వచ్చే గొర్రెల కాపరి ఒకాయన, బావి పూడిక తీస్తుంటే దొరికాయని రెండు తాబేళ్లను తడి గోనెసంచిలో తెచ్చి, "మీ ఇంటామెకియ్యి శెట్టీ, సల్లని జీవాలు" అని ఇచ్చిపోయాడు. ఒక్కొక్కటి పెద్ద కొబ్బరికాయంత ఉంది. నల్లటి డిప్ప మీద పాచి పట్టి ఉంది. పిల్లలు లేని రాజేశ్వరమ్మకు అవి చూడగానే నచ్చేశాయి. ఇంట్లో నీళ్లు నిలవుండే పెద్ద పాత్ర గంగాళం ఒక్కటే కాబట్టి వాటిని అందులో వదిలింది. ఆ సంగతి భర్తకు చెప్పడం మరిచిపోయింది. మరునాడు తలకు కుంకుడు రసం పట్టించుకుని, కళ్లు గట్టిగా మూసుకుని లక్ష్మీనరసయ్య చెంబు కోసం గంగాళంలో చెయ్యి పెడితే, చెంబుకు కాళ్లున్నాయి.

ఆయన వేసిన కేక విని రాజేశ్వరమ్మ పరుగెత్తుకొచ్చింది. ముందు తాబేలును చూసుకుంది.

"బెదరగొడితిరి గదండీ దాన్ని!"

"నేను బెదిరిందో?"

"మీకేమైంది, బాగనే ఉండారు గదా. వాటికొక ఇల్లు కట్టేదాంక మీరు బయట కొళాయి కాడ పోసుకోండి."

"ఇంటికి యజమాని నేనా, అవా?"

"మీరు పొద్దంతా అంగట్లో ఉంటారు. పాపం, అవి ఇంట్లోనే గదా ఉండేది."

రాజేశ్వరమ్మ పుట్టిల్లు పులివెందుల. పెళ్లయిన కొత్తలో ఒకసారి ఆమెతో వాదించి చూసిన లక్ష్మీనరసయ్య మళ్లీ ఆ జోలికి పోలేదు. వారం రోజులు వీధి వైపున్న కొళాయి దగ్గర, వచ్చేపోయేవాళ్లకు నమస్కారాలు పెడుతూ స్నానం చేశాడు. ఇక లాభం లేదని ఆదివారం తాపీ పట్టాడు.

ఇక్కడ ఆయన గురించి ఒక మాట చెప్పాలి. అవి ఫ్యాక్షన్ రోజులు. మునిసిపల్ ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. పట్టణంలో ఇద్దరు నాయకులుండేవారు. వాళ్ల పేర్లు పైకి అనడం ఎందుకులే అని జనం జీపుల రంగులతో పిలిచేవారు. ఒకాయన తెల్లజీపాయన, ఇంకొకాయన ఎర్రజీపాయన. పట్టణంలో ప్రతివాడూ ఏదో ఒక జీపు మనిషే. ఏ జీపు మనిషీ కానివాడు లక్ష్మీనరసయ్య ఒక్కడే. ఆ పేరు నిలబెట్టుకోవడానికి ఆయన చాలా కష్టపడేవాడు. తెల్లజీపు వాళ్ల కండువాల గుడ్డ అంగట్లో కుడి వైపు, ఎర్రజీపు వాళ్లది ఎడమ వైపు, రెంటికీ మధ్యన ఎవరికీ చెందని చీరలు పెట్టేవాడు. ఒకాయన ఇంట్లో పెళ్లికి వెళ్లి రెండు లడ్లు తింటే, రెండో ఆయన ఇంట్లో చావుకు వెళ్లి రెండుసార్లు ఏడ్చేవాడు. తన తలుపు ముందర ఏ జీపూ ఆగకుండా ఈ జన్మ గడిచిపోతే చాలని ఆయన కోరిక.

తొట్టి కట్టడానికి మేస్త్రీని పిలవలేదు. జీవితమంతా గుడ్డ కొలిచినవాడికి గోడ కొలవడం రాదా అనుకున్నాడు. పెరట్లో పక్కింటి మేడ నీడ పడుతుంది. తాబేళ్లకు ఎండ కావాలి కాబట్టి వీధి వైపు, కొళాయి పక్కన, ప్రహరీగోడ తీసేసిన జాగాలో మొదలుపెట్టాడు. కావలసినవన్నీ రాజేశ్వరమ్మ గడప మీద కూర్చుని ఒక్కొక్కటే చెప్పింది.

"వీధికుక్కలు ఎగరకుండా ఎత్తుగా కట్టండి."

కట్టాడు. రొమ్ము ఎత్తు వచ్చింది.

"పిల్లులు దూకుతాయేమో. పైన సగం రేకు కప్పండి."

కప్పాడు.

"అవి నీళ్లలో నుంచి ఎక్కి ఎండకు కూసోనీకి లోపల ఒక బండ వాలుగా పెట్టండి. నీడకు పగిలిన కడవ ఒకటి బోర్లించండి."

తొట్టిలోకి తలకిందులుగా వంగి అదీ చేశాడు.

"నీళ్లు మురికైతే ఎట్ల తీసేది? అడుగున ఒక కొళాయి పెడితే, తిప్పితే కాలవలోకి పోతాయి గదా."

ఇది మంచి ఆలోచన అనిపించింది లక్ష్మీనరసయ్యకు. కొళాయిలు అమ్మి, బిగించే అల్లాబక్ష్ అంగట్లోంచి ఒక ఇత్తడి కొళాయి తెచ్చి, తొట్టి అడుగున, వీధి వైపు తిప్పి బిగించాడు. అప్పటికి పొద్దు గూకింది. వెనక్కి నడిచి చూసుకున్నాడు. గోడ కొంచెం తెల్లజీపాయన ఇంటి వైపు వాలినట్టు అనిపించి భయపడ్డాడు గానీ, అటు పోయి చూస్తే ఎర్రజీపాయన ఇంటి వైపు వాలినట్టు కనిపించింది. మనసు కుదుటపడింది.

కొత్త సిమెంటు నీళ్లలో తాబేళ్లను వదిలితే చచ్చిపోతాయని రాజేశ్వరమ్మకు ఎవరో చెప్పారు. నీళ్లు నింపి, ఒకటిరెండు రోజులు ఉంచి, పారబోసి, మళ్లీ నింపాలి. సిమెంటు వాసన పోయేదాకా అట్లా చేస్తూ ఉండాలి. అందుకే మంగళవారం పొద్దున అంగడికి పోయే ముందు లక్ష్మీనరసయ్య కొత్త కొళాయి తిప్పి, నీళ్లు కాలవలోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాడు.

అది ఎండాకాలం. ఆ వీధికి మునిసిపాలిటీ నీళ్లు ఎప్పుడొస్తాయో మునిసిపాలిటీకి కూడా తెలియదు. ఖాళీ బిందె చంకలో పెట్టుకుని పక్కవీధి నుంచి తిరిగొస్తున్న సుంకులమ్మ అక్కడ ఆగిపోయింది. ఆమె గొంతు లేస్తే వీధి మొత్తం లేస్తుంది.

"ఓయమ్మా! నీళ్లు కాలవలో పోస్తాండావా శెట్టన్నా? నీకు చేతులెట్లొచ్చినాయప్పా?"

"అవి తాగే నీళ్లు కాదు సుంకులమ్మా, సిమెంటు..."

"తాగనీకి ఎవురడిగినారు? గుడ్డలుతుక్కోనీకి, గిన్నెలు తోముకోనీకి చాలవా?"

అంటూనే బిందె కాలవలోకి దించి కొళాయి కింద పెట్టింది. బిందె నిండేలోపు వెనక ఇంకో బిందె వచ్చింది. దాని వెనక కడవ, బకెట్, నూనె డబ్బా. లక్ష్మీనరసయ్య బోరు మోటారు వేసి తొట్టి మళ్లీ నింపాడు. నీళ్లు ఎట్లాగూ మార్చాల్సిందే గదా, ఊరికే కాలవ పాలు కావడం తప్పింది అనుకున్నాడు. నిజం చెప్పాలంటే కారణం అది కాదు. ముసలమ్మ ఒకతె బిందె నెత్తిన పెట్టుకుంటూ, "మారాజువప్పా, వీధికి ట్యాంకు కట్టిస్తివి" అన్నది. గుడ్డ కొనకుండా ఆయన్ను మారాజు అన్నవాళ్లు అంతవరకు ఎవరూ లేరు. అది తాబేళ్ల తొట్టి అని చెప్పడానికి నోరు తెరిచాడు. ఆ మారాజు అనే మాట ఇంకొక్కసారి విని చెబుదామనుకున్నాడు. ఆ ఒక్కసారి చాలా ఖరీదైపోయింది.

సైకిలు మీద పోతున్న కృష్ణయ్య ఆ వరస చూసి కాలు కింద ఆనించాడు. అతను ఆ వీధిలో తెల్లజీపు మనిషి.

"ఎవురు కట్టించినారు సుంకులమ్మా ఇది?"

"శెట్టన్న."

"శెట్టి ఒంటిగా ఎందుకు కట్టిస్తాడు? వెనకాల ఎవురున్నారు?"

"వెనకాల రత్నమ్మ ఉండాది, దాని వెనకాల మునెమ్మ ఉండాది. నువ్వు బిందె తెచ్చుకుంటే మునెమ్మ వెనకాల నిలబడు."

కృష్ణయ్య బిందె కోసం పోలేదు. తెల్లజీపాయన దగ్గరికి పోయి, ఎన్నికలు పెట్టుకుని ఎర్రజీపు వాళ్లు శెట్టి చేత ట్యాంకు కట్టించారని చెప్పాడు. ఆదివారం నాటి తొట్టి, మంగళవారం పొద్దునకే ట్యాంకు అయింది.

మధ్యాహ్నానికి తెల్లజీపు వచ్చి లక్ష్మీనరసయ్య తలుపు ముందర ఆగింది. తెల్లజీపాయన సన్నగా, మెత్తగా మాట్లాడతాడు. ఆయన గట్టిగా అరిస్తే బాగుండునని ఎదుటివాళ్లకు అనిపించేంత మెత్తగా మాట్లాడతాడు. వెంట వచ్చినవాళ్లు భుజాలకు సంచులు తగిలించుకుని, చేతులు వాటిలోనే పెట్టుకుని నిలబడ్డారు. ఆ సంచుల్లో నాటుబాంబులుంటాయని పట్టణమంతా చెప్పుకునేది.

"ఎవురు చెప్పినారు శెట్టీ, ట్యాంకు కట్టమని?"

"మా ఇంటామెన్నా."

"మీ ఇంటామెది ఏ పార్టీ?"

"ఏ పార్టీ లేదన్నా. నీ తోడు, ఇది తాబేళ్లకు. రెండు తాబేళ్లుండాయి. వాటి కోసం కట్టినా."

తెల్లజీపాయన తొట్టిని చూశాడు. ఇత్తడి కొళాయిని చూశాడు. నవ్వాడు. సంచులవాళ్లు కూడా నవ్వారు.

"తాబేళ్లకు కొళాయి ఎందుకప్పా? చేతులు కడుక్కోనీకా?"

లక్ష్మీనరసయ్య దగ్గర దీనికి జవాబు ఉంది. కానీ ఆ సంచుల వైపు చూసి, కొళాయి మీది దుమ్ము పంచె చెంగుతో తుడిచాడు. తెల్లజీపాయన ఆయన భుజం తట్టాడు.

"నువ్వు మంచోడివి, నాకు తెల్సు. శుక్రవారం పొద్దున నేనొచ్చి కొళాయి తిప్పుతా. మన పార్టీ కట్టించినట్లు జనానికి చెప్దాం. సరేనా?"

సరే అన్నాడు. ఇంకేమనగలడు?

సాయంత్రానికి ఎర్రజీపు వచ్చింది. ఎర్రజీపాయన లావుగా ఉంటాడు. గట్టిగా మాట్లాడతాడు. కబురు తెచ్చింది ఆయన మనిషి చిన్నసుబ్బయ్య.

"ఏం శెట్టీ, తెల్లోడికి ట్యాంకు కట్టిస్తివంట?"

"లేదన్నా! ఇది తాబేళ్లకు..."

"నన్ను తాబేలంటాండావా?"

"అయ్యో, లేదన్నా!"

"మరి ఆయన్నంటాండావా?"

ఔనన్నా తప్పే, కాదన్నా తప్పే. లక్ష్మీనరసయ్య రెండు చేతులూ జోడించాడు. జన్మంతా ఆయన అలవాటు పడినది ఒక్కటే పద్ధతి. కుడి వైపు ఒకటి పెడితే ఎడమ వైపు ఒకటి పెట్టడం. ఆ అలవాటే నోటి నుంచి వచ్చేసింది.

"అన్నా, ఇంకొక కొళాయి పెడతా. అది మీది. శుక్రవారం సాయంత్రం మీరొచ్చి తిప్పండి."

ఎర్రజీపాయన ఉన్న కొళాయిని జానతో కొలిచాడు. "నాది పెద్దదిగా ఉండాల" అని జీపెక్కాడు.

మరునాడు అల్లాబక్ష్ వచ్చి తొట్టికి రెండో చివర ఇంకొక ఇత్తడి కొళాయి బిగించాడు. ఒకదానికి తెల్ల రంగు, ఇంకొకదానికి ఎర్ర రంగు పూశాడు. పూసినంతసేపూ నవ్వాపుకోలేకపోయాడు.

"శెట్టీ, రెండు కొళాయిల్లో వచ్చేది ఒకే నీళ్లు గదా?"

"ఆ మాట బయట అనాకు భాయ్. నీకు దండం పెడతా."

అల్లాబక్ష్ అనలేదు. అన్నా ఎవరూ నమ్మేవారు కాదు. బుధవారం సాయంత్రానికి వీధిలో వరసలు రెండయ్యాయి. తెల్లజీపు ఇండ్లవాళ్లు తెల్ల కొళాయి దగ్గర, ఎర్రజీపు ఇండ్లవాళ్లు ఎర్ర కొళాయి దగ్గర నిలబడ్డారు. తెల్ల కొళాయి నీళ్లతో పప్పు బాగా ఉడుకుతోందని కృష్ణయ్య చెప్పాడు. ఎర్ర కొళాయి నీళ్లు తాగితే తన మోకాలి నొప్పి తగ్గిందని చిన్నసుబ్బయ్య గెంతి చూపించాడు. తాగొద్దని లక్ష్మీనరసయ్య నెత్తీనోరూ బాదుకున్నాడు. ఎవరి కొళాయి నీళ్లు తాగొద్దంటున్నావని రెండు వరసల వాళ్లూ కలిసి ఆయన మీదికి వచ్చారు. సుంకులమ్మ మాత్రం చంకకొక బిందె పెట్టుకుని రెండు కొళాయిల దగ్గరా పట్టుకుంది. అదేమని అడిగితే, "నా ఇంట్లో నీళ్లు తాగేవాళ్లు ఎక్కువ, పార్టీలు తక్కువ" అన్నది.

గురువారానికి రెండు మైకు ఆటోలు వీధుల్లో తిరిగాయి. రెండూ ఒకే మాట చెప్పాయి. తమ నాయకుడు ప్రజల దాహం చూడలేక మంచినీటి పథకం తెచ్చాడట.

ఇంట్లో రాజేశ్వరమ్మ ఈ పథకం సంగతి విని మండిపడింది.

"నా తాబేళ్ల ఇల్లు జీపోళ్లకు రాసిస్తిరా?"

"నేనేడ రాసిచ్చినానే? వాళ్లే తీసుకునిరి."

"నోరు తెరిచి చెప్పకపోతిరా?"

"చెప్పినా! ఇద్దరికీ చెప్పినా. ఎవురూ నమ్మరు. జమ్మలమడుగులో మా అక్క ఇంటికి పోయి ఎన్నికలు అయినాక వద్దామా?"

"మీరు పోండి. నేను యాడికీ రాను. శుక్రవారం నా పిల్లోళ్లు గృహప్రవేశం చేస్తాండారు."

ఆమె ఎగతాళికి అన్నదనుకున్నాడు లక్ష్మీనరసయ్య. పెళ్లయి అన్నేళ్లయినా ఆయనకు భార్య సంగతి పూర్తిగా తెలియదనే చెప్పాలి. మూడు రోజులుగా వీధి ఆడవాళ్లు నింపింది నింపినట్టు నీళ్లు పట్టుకుపోవడంతో తొట్టిలో సిమెంటు వాసన పూర్తిగా పోయింది. శుక్రవారం తెల్లవారి భర్త బయట స్నానం చేసి లోపలికి పోగానే, ఆమె తాబేళ్లను రెండు చేతులా ఎత్తుకొచ్చి, పసుపు బొట్టు పెట్టి, రేకు కింద నుంచి తొట్టిలో వదిలేసింది. ఒకటి వెంటనే బండ ఎక్కింది. రెండోది అడుగుకు మునిగి, తిరిగి తిరిగి, మూలన చోటు చూసుకుంది.

తెల్లజీపాయన పొద్దున రావాలి, ఎర్రజీపాయన సాయంత్రం రావాలి. కానీ తన తర్వాత ఇంకొకడు తిప్పితే పథకం వాడిదైపోతుందేమోనని తెల్లజీపాయన ఆలస్యం చేశాడు. తనకంటే ముందు ఇంకొకడు తిప్పితే తను రెండోవాడైపోతానేమోనని ఎర్రజీపాయన తొందరపడ్డాడు. దాంతో రెండు జీపులూ వీధికి రెండు చివరల నుంచి ఒకే సమయానికి లోపలికి వచ్చి, తొట్టికి చెరో పక్క ముక్కులు ఎదురెదురుగా పెట్టి ఆగాయి. వాళ్లు వెంటబెట్టుకొచ్చిన మేళం ఆగిపోయింది. ఆడవాళ్లు బిందెలు గుండెలకు అడ్డం పెట్టుకున్నారు.

ఇక్కడ అల్లాబక్ష్ పనితనం గురించి చెప్పాలి. ఎవరి కొళాయి ఎటు ఉండాలో ఎవరూ చెప్పకపోవడంతో అతను తోచినట్టు రంగులేశాడు. దానివల్ల తెల్ల కొళాయి ఎర్రజీపు ఆగిన వైపు పడింది. ఎర్ర కొళాయి తెల్లజీపు వైపు పడింది. నాయకులిద్దరూ తొట్టి ముందర ఒకరినొకరు దాటుకుని, ఒకరి మొహం ఒకరు చూడకుండా, ఎవరి కొళాయి దగ్గరికి వాళ్లు పోయారు. సంచులవాళ్లు రెండు వైపులా సంచుల్లో చేతులు పెట్టారు. లక్ష్మీనరసయ్య మధ్యలో నిలబడ్డాడు. చేతిలో రెండు దండలున్నాయి. ఏది ముందు వెయ్యాలో తెలియక రెండూ అటొకసారి, ఇటొకసారి చాస్తున్నాడు.

"కలిసి తిప్పండన్నా! ఇద్దరూ ఒకేసారి!" అన్నాడు ఏడుపు గొంతుతో.

ఇద్దరూ తిప్పారు. తెల్ల కొళాయి నుంచి నీళ్లు ధారగా దూకాయి. ఎర్ర కొళాయి రెండు చుక్కలు రాల్చి ఆగిపోయింది.

కృష్ణయ్య పకపకా నవ్వాడు. అతని వెనక కొందరు చప్పట్లు కొట్టారు. ఎర్రజీపాయన కొళాయిని అటూ ఇటూ తిప్పాడు, చేత్తో కొట్టాడు. చుక్క రాలేదు. ఆయన మొహం కొళాయి రంగుకు వచ్చింది.

"శెట్టీ! జనం ముందర నన్ను ఎండబెడతావా? తెల్లోడు నీకేమిచ్చినాడు చెప్పు!"

"నేనేమీ చెయ్యలేదన్నా!"

"నా నీళ్లు యాడికి పోయినాయి మరి?"

తెల్లజీపాయన మెత్తగా అన్నాడు. "కొందరి చెయ్యి పడితే బావులే ఎండిపోతాయి. కొళాయి ఎంత?"

ఎర్రజీపు సంచుల్లో చేతులు కదిలాయి. తెల్లజీపు సంచుల్లోనూ కదిలాయి. పిల్లల్ని లోపలికి లాక్కుని ఇండ్ల తలుపులు టపటపా పడ్డాయి. ఈ వీధిలో, తన గుమ్మం ముందర, తను కట్టిన తొట్టి కోసం తలకాయలు పగలబోతున్నాయని లక్ష్మీనరసయ్యకు అర్థమైంది. ఆ క్షణంలో ఆయన భయం భరించలేని దశ దాటి, పని చేసే దశకు వచ్చింది. దండలు పారేసి, తొట్టి అంచు మీదికి ఎగబాకి, లోపలికి తలకిందులుగా వంగి, భుజం దాకా చెయ్యి నీళ్లలో పెట్టి ఎర్ర కొళాయి మూల తడిమాడు. చేతికి గుండ్రంగా, గట్టిగా, జారుతూ ఒకటి తగిలింది. అది గొట్టం బొక్కకు వీపు ఆనించి హాయిగా పడుకుని ఉంది. ఆయన దాన్ని ఊడబెరికి, నీళ్లు కారుతుండగా అందరికీ కనపడేటట్లు రెండు చేతులతో నెత్తి మీదికి ఎత్తాడు.

"ఇదన్నా! ఇదీ లోపల పెట్టుకున్నది!"

తాబేలు తల, కాళ్లు, తోక అన్నీ లోపలికి ముడుచుకుంది. కింద నుంచి చూసేవాళ్లకు నల్లగా, గుండ్రంగా, పసుపు బొట్టు పెట్టిన ఒక వస్తువు కనపడింది. పైన ఉన్నవాడు తొట్టి గట్టెక్కి, కళ్లు పెద్దవి చేసుకుని కేకలేస్తున్నాడు.

"బాంబు!" అని ఎవరో అరిచారు.

ఆ తర్వాత జరిగింది ఎవరూ సరిగ్గా చూడలేదు. చూడడానికి ఎవరూ నిలబడలేదు. మేళగాళ్లు డోళ్లు వదిలేశారు. సంచులవాళ్లు సంచులు వదిలేశారు. నాయకులిద్దరూ అందరికంటే ముందు కదిలారు. నాయకులంటే అదే గదా. ఎవరికి దగ్గరున్న జీపులోకి వాళ్లు దూకి, సీట్ల కింద తల దూర్చారు. డ్రైవర్లు కూడా వెనక్కి చూడలేదు. మనిషి పడిన చప్పుడు వినగానే జీపులు వెనక్కే పరుగెత్తించారు. ఒకటి జమ్మలమడుగు రోడ్డున పోయింది, ఇంకొకటి వేంపల్లె రోడ్డున పోయింది.

వీధిలో చెప్పులు మిగిలాయి. గట్టు మీద లక్ష్మీనరసయ్య మిగిలాడు. రాజేశ్వరమ్మ గడప దిగి వచ్చింది.

"దాన్ని దించండి ముందు. గాలి ఆడక కొట్టుకుంటాండాది."

తాబేలును తీసుకుని తొట్టిలో వదిలింది. తర్వాత పడి ఉన్న సంచులు ఏరి గడప మీద పెట్టి ఒక్కొక్కటే విప్పి చూసింది. ఒకదాంట్లో బొరుగులున్నాయి. ఒకదాంట్లో మిరపకాయ బజ్జీలు, ఇంకా వేడిగానే ఉన్నాయి. ఇంకొకదాంట్లో ఉతికిన లుంగీ, దువ్వెన ఉన్నాయి. ఇన్నేళ్లుగా పట్టణాన్ని వణికించిన సంచులు అవే. సుంకులమ్మ వచ్చి చూసి, బజ్జీ ఒకటి కొరికి, రెండు కొళాయిలూ ఖాళీగా ఉన్నాయి గదా అని బిందెలు పెట్టింది.

ఎస్సై ఇద్దరు కానిస్టేబుళ్లతో వచ్చి వీధి మొదట్లోనే ఆగాడు. ఒక కానిస్టేబుల్ చేతిలో నీళ్ల బకెట్ ఉంది. నాటుబాంబు దొరికితే ముందు నీళ్లలో వెయ్యడం వాళ్ల పద్ధతి.

"శెట్టీ! నిదానంగా దాన్ని తెచ్చి బకెట్లో వెయ్యి! ఊపాకు!"

లక్ష్మీనరసయ్య తెచ్చి వేశాడు. ఎస్సై గోడ చాటు నుంచి తొంగి చూశాడు. బాంబు మెల్లగా తల బయటికి పెట్టి ఆయన్ను చూసింది. ఇద్దరూ ఒకరినొకరు చాలాసేపు చూసుకున్నారు. ఎస్సై టోపీ తీసి, తల తుడుచుకుని, స్టేషనుకు పోయాడు.

ఈలోగా జమ్మలమడుగు రోడ్డులో ఎర్రజీపు డ్రైవరు టీ కోసం ఆపి వెనక్కి తిరిగితే, సీటు కింద తెల్లజీపాయన కనిపించాడు. వేంపల్లె రోడ్డులో తెల్లజీపు వాళ్లకు తమ సీటు కింద ఎర్రజీపాయన దొరికాడు. ఏళ్లుగా ఒకరి కోసం ఒకరు కాపు కాసిన మనుషులు అట్లా చేతికి చిక్కారు. కానీ తమ మనిషి అవతలివాళ్ల చేతిలో ఉన్నాడని ఫోన్లు చెప్పాయి. చెయ్యి ఎత్తడానికి ఎవరికీ లేకపోయింది. చేసేది లేక తమకు చిక్కినాయన్ను ఎవరిళ్లకు వాళ్లు తీసుకుపోయి సంగటి, నాటుకోడి కూర పెట్టారు. పొద్దుగూకే వేళకు ఎర్రగుంట్ల దగ్గర ఎవరి జీపులోకి వాళ్లు మారారు. మారేటప్పుడు, ఆ సీటు కింద చాలా ఇరుకుగా ఉందని ఒకరికొకరు చెప్పుకున్నారట.

మరునాడు ఎస్సై లక్ష్మీనరసయ్య ఇంటికి వచ్చి, తలుపు వేయించి, కూర్చున్నాడు.

"శెట్టీ, అది తాబేలని నాకు తెల్సు. నీకు తెల్సు."

"నేను మొదట్నించీ అదే చెప్తాండా సార్!"

"గమ్మునుండు. ఇద్దరు పెద్దమనుషులూ అది బాంబేనని చెప్పినారు. ఒకాయన పెద్ద బాంబన్నాడు, ఇంకొకాయన శానా పెద్దదన్నాడు. తాబేలును చూసి పారిపోయినారని రాస్తే నేను ఈ జిల్లాలో ఉద్యోగం చేస్తానా?"

"అయితే ఇప్పుడు నన్ను లోపలేస్తారా సార్?"

"ఎట్లేస్తా? లోపలెయ్యాలంటే బాంబు చూపించాల. చూపిస్తే కాళ్లు బయట పెడతాది. బాంబు ఉండాది, కానీ దొరకలేదు. నువ్వు ఎత్తినావు, కానీ వెయ్యలేదు. అంతే."

ఆ 'అంతే' అన్నచోటే లక్ష్మీనరసయ్య బతుకు మారిపోయింది. రెండు జీపుల వాళ్లను ఒక్క బాంబుతో తరిమినవాడు, ఎత్తి కూడా వెయ్యకుండా వదిలిపెట్టినవాడు అని కమలాపురం దాకా చెప్పుకున్నారు. బొట్టు పెట్టి మరీ ఎత్తాడట అని జనం గుసగుసలాడారు. మూడో పార్టీ లేచిందని హోటళ్లలో తేల్చారు. మునిసిపాలిటీ నీళ్ల లారీ ఎవరూ అడగకుండానే రోజూ పొద్దున ముందుగా ఆ వీధికే వచ్చింది. ఇక తొట్టి దగ్గర ఎవరికీ పని లేకపోయింది. సుంకులమ్మ లారీ ముందర నిలబడి, "మాది శెట్టన్న వీధి, తెల్సా?" అని నాలుగు బిందెలు ఎక్కువే పట్టేది.

తెల్లజీపాయన, ఎర్రజీపాయన వేరువేరుగా కబురు పెట్టారు. ఆ వార్డులో తమ మనిషిని నిలబెట్టొచ్చునా అని శెట్టిగారిని కనుక్కు రమ్మన్నారు. లక్ష్మీనరసయ్య భయంతో నోట మాట రాక ఊరకుండిపోయాడు. ఆ మౌనం చూసి వచ్చినవాళ్లు ఇంకా భయపడి, ఎవరినీ నిలబెట్టకుండానే మానుకున్నారు. పొలం గట్టు తగాదాలు, అన్నదమ్ముల పంపకాలు పట్టుకుని పల్లెల నుంచి జనం రావడం మొదలైంది. ఆయన "నాకేం తెల్సప్పా, మీరూ మీరూ సర్దుకోండి" అనేవాడు. వాళ్లు వణికిపోయి సర్దుకునేవారు.

అన్నిటికంటే అంగట్లో ఆయనకు ప్రాణం ఉసూరుమనేది. బేరమాడేవాళ్లు లేరు. చెప్పిన ధర ఇచ్చి, దండం పెట్టి, గుడ్డ విప్పి చూడకుండానే పోతున్నారు. "కొంచెం తగ్గించమని అడగరాదా నాయనా" అని ఒక రైతును బతిమాలితే, అతను అదేదో పరీక్ష అనుకుని, "వద్దన్నా, పిల్లలు కలవాణ్ని" అన్నాడు.

"మీకెందుకండీ బాధ?" అన్నది రాజేశ్వరమ్మ ఒక సాయంత్రం, తొట్టి పక్కన నిలబడి తాబేళ్లకు తోటకూర వేస్తూ. "ఎవురి జోలికీ పోకుండా ఉండాలనుకుంటిరి. ఇప్పుడు ఎవురూ మీ జోలికి రారు గదా."

ఆయన ఆలోచించాడు. ఆమె మాటలో తప్పేమీ కనపడలేదు. అదే ఆయనకు మరీ బాధ అనిపించింది.

నెల తిరగకముందే, రెండు పార్టీల నుంచీ ప్రాణభయం ఉన్న మూడో నాయకుడి కింద లెక్కగట్టి, ప్రభుత్వం ఆయనకు ఇద్దరు గన్‌మెన్‌ను ఇచ్చింది. ఒకతను పగలు, ఒకతను రాత్రి గుమ్మం ముందర కాపలా. ఎస్సై చెప్పడంతో తొట్టిలో నీళ్లు మార్చే పని కూడా వాళ్లకే పడింది.

పగలు కాపలా ఉండే అతనికి తాబేళ్లంటే భయమని రెండో రోజే తెలిసింది.